శ్రావణం దాకా రాదు

ఆ అమ్మాయి రాకపోతే బాగుండును. మనసులో అనుకున్న మాటే అయినా ఎవరో విన్నారేమోనని లోవలక్ష్మి చుట్టూ చూసింది. ఎవరూ లేరు. తిరుమలగిరిలో మిలిటరీ గోడల మధ్య ఎప్పటిదో పాత బంగళా, పెంకుల మీద వాన, చూరు నుంచి వరసగా జారే నీళ్ళు, వరండాలో గోడకి ఆనించిన పొడుగాటి చెక్కబల్ల, దాని మీద ఆమె ఒక్కతే. ఎదురుగా మూసిన తలుపు. తలుపు వెనక ఒకతను ముగ్గురు పెద్దమనుషులకి జవాబులు చెబుతున్నాడు. అతను బయటికి రాగానే లోపలికి వెళ్ళవలసింది తనే. కాదు, మొన్నటిదాకా తనే, ఇప్పుడు ఇంకో అమ్మాయి. పేరు సువార్త అని విజయేందర్ చెప్పాడు. చెప్పకుండా ఉంటే బాగుండేది. పేరు లేని మనిషి రాకూడదని కోరుకోవడం కొంచెం తేలిక. పేరు తెలిశాక ఆ మనిషికి ముఖం వస్తుంది, జడ వస్తుంది, ఎక్కడో బస్టాపులో గొడుగు లేకుండా నిలబడి రోడ్డు చివరికి చూస్తుంటుంది. లోవలక్ష్మి కాళ్ళు బల్ల కిందికి లాక్కుంది. కొత్త మట్టెలు గచ్చుకి తగిలి టిక్కుమన్నాయి. పెళ్ళయి ఇన్నాళ్ళవుతున్నా ఆ చప్పుడు విన్నప్పుడల్లా నవ్వొచ్చేది, ఇంట్లో ఎవరో కొత్తమనిషి నడుస్తున్నట్టు, చూస్తే ఆ మనిషి తనే అయినట్టు. ఇప్పుడు మాత్రం రాలేదు. వచ్చింది కొంచెం, సగంలో ఆగిపోయింది.

విజయేందర్ ఈ ట్రస్టు ఆఫీసులో పనిచేసే అబ్బాయి. మెడలో కార్డు, చేతిలో ప్లాస్టిక్ ఫైలు, మాటకొకసారి మేడమ్. మర్యాదస్తుడే పాపం. ఆమె పరుగున వచ్చి గుమ్మంలో రొప్పుతుంటే మంచినీళ్ళిచ్చి, జరిగింది జరిగినట్టు చెప్పాడు. "నేనే చేసిన మేడమ్ ఫోను. మీ ఇంట్ల ఎవరో పెద్దావిడ ఎత్తిన్రు. లోవలక్ష్మి గారున్నరా అంటే, పుట్టింటికెళ్ళింది బాబూ, శ్రావణం దాకా రాదు అన్నరు. ఆమె మాట వైజాగ్ దిక్కు మాట గద, పుట్టిల్లు సుత ఆడనే అనుకున్న. ఇంటర్వ్యూలేమో ఈ వారమే ఖతం. ఊర్లె లేరని రాసుకొని వెయిటింగ్‌ల ఉన్న అమ్మాయికి చెప్పేసిన." నా పుట్టిల్లు ఏ.ఎస్. రావు నగరండీ అంది లోవలక్ష్మి. ఆ మాట ఎంత వెర్రిగా వినిపించిందో ఆమెకే తెలిసింది. ఒక బస్సు మారితే వచ్చే పుట్టిల్లు. ఆషాఢం కదండీ, అందుకని, అని సంజాయిషీ ఇచ్చుకుంది, తప్పు తనదైనట్టు. "మాకు ఆషాఢమంటే బోనాలే మేడమ్. కొత్త పెండ్లికూతుళ్ళ సంగతి నాకేమెర్క, నాకింక పెండ్లే గాలే," అని, నవ్వబోయి, ఆమె ముఖం చూసి మానేశాడు. తర్వాత గొంతు తగ్గించి అన్నాడు: "జెర సేపు కూసోండి. ఆమె టైముకి రాకుంటే లోపల సార్‌తోని మాట్లాడి మిమ్మల్నే పంపిస్త. వస్తే మాత్రం నేనేం చెయ్యలేను. ఇచ్చిన టైము గుంజుకోలేం గద."

అందుకని కూర్చుంది. రాకూడదని కూర్చుంది.

అత్తయ్య అబద్ధమేమీ చెప్పలేదు. అదే కదా బాధ. అబద్ధం చెప్పి ఉంటే కోపం తెచ్చుకోవచ్చు, రాత్రి కాసేపు ఏడ్చి పొద్దున్నకి మరిచిపోవచ్చు. కొత్త కోడలు ఆషాఢంలో అత్తగారింట ఉండకూడదు, అల్లుడు అత్తగారి గడప తొక్కకూడదు. నెలపాటు ఆవిడ పద్మారావు నగర్‌లో, ఈ పిల్ల ఏ.ఎస్. రావు నగర్‌లో. ఆ మాటే ఎవరో అడిగితే చెప్పింది అనసూయమ్మ, ఉన్నది ఉన్నట్టు. బహుశా కొంచెం మురిసిపోతూ కూడా చెప్పి ఉంటుంది, మా ఇంటికి కొత్త కోడలొచ్చిందని ఆ తెలియని మనిషికి కూడా తెలియాలని. పంపించే రోజున ఆవిడ తల దువ్వి, జడ చివర ముడి వేస్తూ, "నెల్రోజులే కదే గుంటా, సుక్కురారం పూజకి వచ్చీ. నాకిక్కడ తోచదు," అంది. పులిహోర కలిపితే గిన్నె అడుగున నూనెలో వేగిన పప్పులన్నీ గీకి కోడలి కంచంలో వేసే మనిషి. ఆవిడకి ఈ సంగతి తెలిస్తే ఏమైపోతుంది. తెలియనివ్వకూడదు. ఎలాగ తెలియనివ్వకుండా ఉండడం, ఆవిడ కొడుకు సూరికి తెలుసు, సూరి ముఖంలో ఏదీ దాగదు.

తప్పు ఫోన్ నంబరుది. ఆ నంబరు రాసిన తన చేతిది. లోవలక్ష్మి తన చేతులు చూసుకుంది. నిన్న అమ్మ రుబ్బి పెట్టిన గోరింటాకు వేళ్ళ చివర్ల దాకా ఎర్రగా పండింది. ఆ నంబరు రాసింది పెళ్ళయిన మొదటి వారంలో. వేసవి చివర, అత్తవారింట్లో ముందుగదిలో ఫ్యాను కింద బోర్లా పడుకుని అప్లికేషను నింపింది. పక్కన సూరి, వంక పెట్టడానికే కూర్చున్నట్టు, అక్షరం అక్షరానికీ ఏదో అంటూ. ఫోన్ నంబర్ అన్న చోట పెన్ను ఆగింది. ఒకటో తరగతి నుంచి ఎమ్మెస్సీ దాకా ప్రతి కాగితం మీదా ఆమె రాసింది పక్కింటి రోసమ్మ గారి నంబరు, పక్కన బ్రాకెట్లో పి.పి. అని. ఆ రెండక్షరాలు రాసినప్పుడల్లా చిన్న చిన్నతనం. మాకు ఫోను లేదండీ, పక్కింట్లో ఉందండీ, పిలుస్తారండీ. ఇప్పుడు ఇంట్లో ఫోనుంది, స్టాండు మీద, అత్తయ్య అల్లిన గుడ్డ కప్పుకుని, నాది అని చెప్పుకోదగ్గ నంబరు. రెండ్రోజుల్లో కంఠతా వచ్చేసింది, ఎక్కాలు చదివినట్టు స్నానం చేస్తూ చదువుకుంది. అది రాసింది. పక్కన పి.పి. లేదు. రాసి, ఎంత బాగుందో చూడండి అని సూరికి చూపించింది. అతను ఆ నంబరు చూడలేదు, ఆమెనే చూశాడు. అప్పుడు నవ్వుకున్నారిద్దరూ, ఎందుకో ఏమిటో లేకుండా. ఆషాఢం ఎంత దూరముందో ఎవరికి గుర్తుంది. రోసమ్మ గారి నంబరే ఇచ్చి ఉంటే ఆవిడ చపాతీ కర్ర చేత్తోనే పట్టుకుని గోడ మీంచి, "లోవా, నీకు ఫోనే, తొరగా రా, లైనులో ఉన్నారు," అని వీధి వీధంతా వినేట్టు అరిచేది. ఆ అరుపుకి సిగ్గుపడింది ఇన్నేళ్ళూ. ఆ అరుపు ఒక్కసారి, మొన్న ఒక్కసారి వినపడి ఉంటే.

లోపల ఎవరో నవ్వారు. ఇంటర్వ్యూలో నవ్వుతారా. అయితే మంచివాళ్ళే అన్నమాట. బెంగుళూరులో సాఫ్ట్‌వేర్ కంపెనీలు పెట్టి సంపాదించిన కొందరు కలిసి పెట్టిన ట్రస్టు ఇది. ఇంట్లో ముందెవరూ కాలేజీ గడప తొక్కని వాళ్ళు, దళితులు, గిరిజనులు, చేపలవాళ్ళు, నేతవాళ్ళు, అలాంటి ఇళ్ళ నుంచి వచ్చి పీజీ దాకా చదివిన వాళ్ళకి రెండేళ్ళ ఫెలోషిప్పు. నెలనెలా డబ్బు, ల్యాబులో చోటు, చేయి పట్టి నడిపించే ప్రొఫెసరు. చదువు అయిపోయిన ఏడాదిలోపే ఇస్తారు, ఆ తర్వాత లేదు. లోవలక్ష్మికి ఆ ఏడాది ఈ నెలతో సరి. కాలేజీ నోటీసు బోర్డు మీద ఆ కాగితం చుట్టూ అమీర్‌పేట జావా కోర్సుల కాగితాలు, టెస్టింగ్ కోర్సుల కాగితాలు, చేరితే ఉద్యోగం ఖాయమన్న కాగితాలు. స్నేహితురాళ్ళందరూ అటే వెళ్ళారు. జువాలజీ చదివి ఏం చేస్తావే, కప్పలకి కంప్యూటర్ నేర్పుతావా అన్నారు. ఆ మాటకి తను కూడా నవ్వింది. నవ్వుతూనే చిరునామా రాసుకుంది.

అప్లికేషనులో అన్నీ మామూలు ప్రశ్నలే, మార్కులు, ఆదాయం, కులం. ఒక్కటి మాత్రం మామూలుది కాదు. మీ ఇంట్లో అందరికీ తెలిసి, మీ పుస్తకాల్లో లేని సంగతి ఏమిటి. ఆ ప్రశ్న చదివి మూడ్రోజులు మంచినీళ్ళు తాగుతున్నా అదే ఆలోచన. ఏముంది మా ఇంట్లో. ఏమీ లేదు, ఎండుచేపల వాసన ఉంది. నాయనమ్మ మరిడమ్మ వైజాగ్ దగ్గర పూడిమడక నుంచి కొడుకు వెంట ఇక్కడికొచ్చి, ఊరికే కూర్చోలేక, రైల్లో గంపలు దింపించుకుని మోండా మార్కెట్లో ఎండు నెత్తళ్ళు, ఎండు రొయ్యలు అమ్మింది. ఇంట్లో మంచం కింద గంపలు, మంచం మీద లోవలక్ష్మి, యూనిఫారంలో వాసన, జడలో వాసన. బడిలో పక్కన కూర్చునే పిల్ల ముక్కుకి రుమాలు పెట్టుకునేది. అందుకని లోవలక్ష్మి నాయనమ్మ గురించి ఎవరికీ చెప్పేది కాదు. మా నాయనమ్మ ఊళ్ళో ఉంటుంది అనేది. ఊళ్ళో లేదు, మంచం కింద గంపల పక్కన చతికిలబడి, ఒక్కొక్క నెత్తలినీ వేళ్ళతో తడిమి చూస్తూ ఉంది. "ఇదిగో దీనికి పురుగు పట్టీసింది, ఇది సూడు, లోపల తినీసింది, పైకి బాగానే అగుపిస్తాది," అంటూ. వానాకాలం రాగానే బొచ్చు బొచ్చుగా పిల్ల పురుగులు, తర్వాత నల్లటి పెద్దవి, చేపని లోపల్నుంచి తొలిచి పొట్టు మిగులుస్తాయి. వాటికి మరిడమ్మ గంప అడుగున వావిలాకు పరిచేది. నీడలో ఆరింది పరిస్తే పనిచేస్తుంది, ఎండలో ఆరింది పరిస్తే చెయ్యదు. ఎందుకు చెయ్యదే నాయనమ్మా అంటే, "నాకేటి తెల్సు, సదూకున్నదానివి నువ్వు సెప్పాల," అనేది. ఎమ్మెస్సీలో కీటకాల పుస్తకం తెరిస్తే ఆ పురుగు బొమ్మ పేజీ నిండా ఉంది, లాటిన్ పేరుతో, కాళ్ళెన్ని మీసాలెన్ని అన్నీ. వావిలాకు లేదు. ఆ పేజీ ముందు కూర్చుని ఎంతసేపు ఉండిపోయిందో. నాయనమ్మ పోయి అప్పటికి నెల. నువ్వు చెప్పాల అన్న మనిషికి చెప్పడానికి ఏమీ తెలీదు, తెలిసే లోపలే వెళ్ళిపోయింది. అదే రాసింది అప్లికేషనులో. ఎండుచేప వాసన ఇంగ్లీషులో రాసింది. ఎవరైనా ఒకరు దానికి ఫోన్ చేస్తారని అనుకోలేదు. చేశారు.

ఆ సంగతి ఈ పొద్దున్న తెలిసింది, అదీ ప్లాట్‌ఫారం మీద. ఆషాఢంలో కొత్త దంపతులు కలుసుకోకూడదంటే సికింద్రాబాద్ స్టేషనంత మంచి చోటు ఇంకొకటి లేదని కనిపెట్టింది సూరి. ప్లాట్‌ఫారం టిక్కెట్లు రెండు, టీలు రెండు, ఉస్మానియా బిస్కెట్లు ఒక పొట్లం. చుట్టూ వందమంది ఎక్కుతూ దిగుతూ, ఎవరూ ఎవరినీ చూడరు, చూసినా రైలు కోసం కూర్చున్నారనుకుంటారు. ఏ రైలూ ఎక్కకుండా, వెళ్ళే ప్రతి రైలునీ చూసి ఎక్కడికి వెళ్ళొచ్చో చెప్పుకుంటూ కూర్చోవడం. అంత సుఖం ఇంకోటి ఉంటుందని లోవలక్ష్మి అనుకోలేదు. అతని చొక్కా గుండీ ఒకటి వదులైతే అక్కడే కుట్టింది, బ్యాగులో సూదీ దారం పెట్టుకుని తిరుగుతోంది కదా పెళ్ళయిన దగ్గర్నుంచీ. ఒక రైలు వెళ్ళిపోయింది, ఇంకో రైలు వెళ్ళిపోయింది. బిస్కెట్టు విరిచి పెద్దముక్క ఆమెకిస్తూ, ఏదో గుర్తొచ్చినట్టు అన్నాడు: "అన్నట్టు మొన్నెవరో నీకు ఫోన్ చేశారంట. తిరుమలగిరి నుంచంట. అమ్మ శ్రావణం దాకా రాదని చెప్పిందంట." అతను నవ్వుతూ చెప్పాడు. ఆమె కూడా నవ్వబోయింది. తిరుమలగిరి అన్న మాట చెవిలోంచి కడుపులోకి దిగడానికి ఒక రైలు కూత పట్టే సేపు పట్టింది. మొన్న. మొన్న వచ్చిన ఫోను. మొన్న సాయంత్రం కూడా ఇక్కడే కలిశారు, అప్పటికి అత్తయ్య ఇంకా చెప్పలేదేమో, చెప్పినా ఇతనికి గుర్తు రాలేదేమో. అడగలేదు. అడిగితే అతను నిజం చెప్పేస్తాడు, అది ఆమెకి అక్కర్లేదు.

గేటు దగ్గర స్కూటర్ ఆగిన చప్పుడు. తల నుంచి నీళ్ళు కారుస్తూ సూరి వరండాలోకొచ్చాడు. చొక్కా లోపల్నుంచి ప్లాస్టిక్ కవరు తీసి, చెయ్యి తుడుచుకోవడానికి పొడిగుడ్డ ఎక్కడా లేక ఆమె కొంగుకే తుడుచుకుని, ఇచ్చాడు. ఒరిజినల్ సర్టిఫికెట్లు. ఇవి లేకపోతే ఆ అమ్మాయి రాకపోయినా లాభం లేదని విజయేందర్ చెబితే, ఏ.ఎస్. రావు నగర్ వెళ్ళి తెచ్చాడు. "మీ అమ్మ గేటు దాకా వచ్చి, నన్ను చూసి లోపలికి పారిపోయింది," అన్నాడు.

"పారిపోవడమేంటండీ."

"అల్లుడు వానలో తడుస్తున్నాడు, లోపలికి రమ్మంటే దోషం, రావద్దంటే పాపం. ఏం చెయ్యాలో తెలీక గోడ మీంచి గొడుగు విసిరింది. నాకు సర్టిఫికెట్లు కావాలని అరుస్తున్నా, గొడుగొచ్చింది. తర్వాత తువ్వాలొచ్చింది. ఆఖరికి రోసమ్మ గారొచ్చి లోపల్నుంచి ఇవి తెచ్చిచ్చారు. ఏమయ్యా అల్లుడా, నెల్రోజులు ఆగలేకపోతున్నావా అని ఒకటే ఎకసెక్కం."

లోవలక్ష్మి నవ్వింది. నిజంగానే నవ్వింది, గొడుగు గోడ దాటడం కళ్ళకి కట్టి, కళ్ళలో నీళ్ళొచ్చేదాకా. తర్వాత నీళ్ళు మాత్రం ఆగలేదు. అతను పక్కన కూర్చుని, చెయ్యి పట్టుకోబోయి, మూసిన తలుపు చూసి మానేశాడు. "రాదులే. ఈ వానలో ఎవరొస్తారు," అన్నాడు మెల్లిగా. ఆ మాట ఆమెకి బాగుంది, ఎంత బాగుందంటే మళ్ళీ అనమని అడగాలనిపించింది. అంతలోనే, ఎవరో ఒకమ్మాయి గురించి వాళ్ళిద్దరూ ఇలా గుసగుసగా కూడబలుక్కోవడం, వాళ్ళ ప్లాట్‌ఫారం మాటల్లాంటి గొంతుతో, ఏమిటోగా అనిపించింది. మీ షిఫ్టు టైమైంది వెళ్ళండి అంది. బేగంపేటలో అతని ఉద్యోగం. అమెరికా డాక్టర్లు చెప్పే మాటలు చెవుల్లో పెట్టుకుని వాళ్ళ రోగుల బాధలు టైపు చెయ్యడం. ఎవరో తెలియని ముసలావిడ మోకాలి నొప్పి గురించి ఇంటికొచ్చి దిగులుపడతాడు. అలాంటి మనిషి, తన కోసం, రాదులే అన్నాడు. వెళ్తూ వెళ్తూ వానలోంచి చెయ్యూపాడు. ఇంటర్వ్యూ అయ్యాక నా కొత్త సెల్లుకి మిస్డ్ కాల్ ఇవ్వు, బాగా చేస్తే రెండు, అన్నాడు.

తలుపు తెరుచుకుంది. లోపలతను బయటికొచ్చాడు, చొక్కా మడత చెదరకుండా, ముఖం వెలిగిపోతూ. ఆమెని చూసి ఆల్ ది బెస్ట్ అన్నాడు. థాంక్యూ అంది, అనకూడనిది అన్నట్టయింది. విజయేందర్ గేటు వైపు చూశాడు, గోడ గడియారం చూశాడు, ఇంకాసేపు నిలబడ్డాడు. ఎక్కడో దూరంగా లాల్‌బజార్ వైపు డప్పులు, వానని కూడా లెక్కచెయ్యకుండా. బోనాలు, ఊరేగింపు, బస్సులు ఆగిపోయి ఉంటాయి. ఆ అమ్మాయి బస్సు కూడా ఆగిపోయి ఉంటుంది. లోవలక్ష్మికి ఒళ్ళంతా చెవులైంది. విజయేందర్ ఆమె వైపు తిరిగి, చిన్నగా తలూపి, "ఫైలు తీస్కోని రెడీగ ఉండండి మేడమ్. సార్‌కి చెప్పొస్త," అని లోపలికెళ్ళాడు. తలుపు మూసుకుంది. ఆమె లేచి నిలబడింది. కొంగు సర్దుకుంది. మాటలన్నీ గొంతులో బారులు తీరాయి, ఇంగ్లీషులో, నెలరోజులుగా అద్దం ముందు, పప్పు రుబ్బుతూ, బస్సులో కిటికీకి చెప్పుకున్న మాటలు. గుడ్ ఆఫ్టర్‌నూన్ సర్. గుడ్ ఆఫ్టర్‌నూన్ మేడమ్.

గేటు బయట ఒకమ్మాయి ఆగింది. చెప్పులు చేతిలో ఉన్నాయి. ఎరువుల సంచీ లాంటి మందపాటి కవరు గుండెకి అదిమి పట్టుకుంది. ఈ బంగళా చూసింది, దాని పక్కనే అచ్చం ఇలాంటిదే ఇంకో బంగళా చూసింది. బోర్డు మీద వానకి కాగితం ఊడి వేలాడుతోంది, ఏమీ చదవడానికి లేదు. వీధిలో అడగడానికి మనిషి లేడు. ఆ అమ్మాయి పక్క బంగళా వైపు రెండడుగులేసింది. లోవలక్ష్మి చూస్తోంది. చూస్తోందంతే, ఏమీ చెయ్యడం లేదు, ఏమీ చెయ్యనక్కర్లేదు, ఊరికే నిలబడితే చాలు. తలుపు ఇప్పుడో ఇంకాసేపటికో తెరుచుకుంటుంది, తను లోపలికి నడుస్తుంది, అంతే. ఎవరికీ తెలీదు. తనకి కూడా కొన్నాళ్ళకి తెలియకుండా పోతుంది. పక్క బంగళా గేటు గడియ చప్పుడైంది. ఆ అమ్మాయి జడలోంచి నీళ్ళు కారి వీపంతా తడిసి అంటుకుపోయింది. అంత తడిసినా కవరు మీద ఒక చుక్క పడకుండా ఒంగి నడుస్తోంది.

"సువార్తా," అని పిలిచింది లోవలక్ష్మి. "ఇక్కడమ్మా. ఇదీ."

పిలిచిన మరుక్షణమే పిలవకుండా ఉండాల్సింది అనిపించింది. గొప్ప పని చేశానన్న భావమేదీ రాలేదు. బల్ల మీద కూర్చుంది, అంతే. ఆ అమ్మాయి పరుగెత్తుకొచ్చింది, మెట్ల మీద కాళ్ళు తుడుచుకుని, "అక్కా, ఇంటర్వ్యూలు ఈడనేనా? బోనాలని బొల్లారం కాడ బస్సు ఆపేసిన్రు. ఆడికెళ్ళి నడుసుకుంట వచ్చిన. నా టైం పోయిందా అక్కా," అంది ఒక్క ఊపిరిలో. పేరెలా తెలుసని కూడా అడగలేదు, అంత ఆత్రం. పోలేదు, నీదే ఇప్పుడు, అంది లోవలక్ష్మి. బ్యాగులోంచి రుమాలు తీసి ఇచ్చింది. ముఖం తుడుచుకుంటూ, వాళ్ళమ్మ బీడీలు చుడుతుందనీ, ఆ ఊళ్ళో ఆడవాళ్ళ ఊపిరితిత్తుల మీద తను చదువుతాననీ, కవర్లో ఉన్నవి దగ్గు మందు చీటీలనీ చెప్పింది, అడక్కుండానే. తర్వాత, "నాకు ఇంగ్లీషు సక్కగ రాదక్కా, తెలుగుల చెప్తే ఊకుంటరా," అంది. ఊరుకుంటారు అంది లోవలక్ష్మి, తనకేమీ తెలియకపోయినా. తలుపు తెరుచుకుని విజయేందర్ బయటికొచ్చాడు, రండి మేడమ్ అనబోయి, ఇద్దర్నీ చూశాడు. లోవలక్ష్మి సువార్త వీపు మీద చెయ్యి వేసి ముందుకి నెట్టింది. తలుపు మూసుకుంది. రుమాలు ఆ అమ్మాయితోపాటు లోపలికి వెళ్ళిపోయింది.

ఇక ఇక్కడ కూర్చోవడానికి కారణం లేదు. లేవాలి. లేస్తే మెట్లు దిగాలి, దిగితే రోడ్డు, రోడ్డు మీద ఎస్.టీ.డీ. బూతు, బూతులో సూరికి మిస్డ్ కాల్. ఒకటి ఇవ్వాలా, రెండు ఇవ్వాలా, ఏమీ ఇవ్వకుండా ఉండాలా. బాగా చేస్తే రెండని చెప్పాడు, చెయ్యకపోతే ఎన్నో చెప్పలేదు. వాన తగ్గేదాకా, అనుకుంది. వాన అప్పటికే తగ్గింది. టీ గ్లాసులు ఏరడానికి బాలమ్మ వచ్చింది. వంటగదిలో టీ పెట్టే మనిషి, ముఖాన పసుపు ఇంకా పోలేదు, పొద్దున్నే బోనమెత్తి వచ్చినట్టుంది. వరండా చివర్న గ్లాసులన్నీ ఒక పళ్ళెంలో పెట్టి, నడుం పట్టుకుని నిలబడి, "నీదైపాయెనా బిడ్డా?" అంది.

లోవలక్ష్మి ఆవిడ వంక చూసింది. కాదు, నన్ను పిలవలేదు, అని చెప్పడానికే నోరు తెరిచింది.

"అయిపోయింది," అంది.

"ఏమడిగిన్రు? పొద్దటిసంది అందరు బయటికొచ్చి మొహాలు వేలాడేస్తున్రు."

"నువ్వే పురుగు మీద చదువుతావు, ఎందుకూ అని అడిగారు."

"పురుగు మీదనా?" బాలమ్మ పళ్ళెం కింద పెట్టి గుమ్మానికి ఆనుకుని కూర్చుంది. "గదేం సదువు బిడ్డా. పురుగుల మీద గూడ పైసలిస్తరా?"

అప్పుడు లోవలక్ష్మి చెప్పడం మొదలుపెట్టింది. గుడ్ ఆఫ్టర్‌నూన్ దగ్గర్నుంచి కాదు, మంచం కింద గంపల దగ్గర్నుంచి. నెత్తళ్ళు పైకి బాగానే ఉంటాయి, పట్టుకుంటే పొట్టై రాలతాయి, ఒక్క వానాకాలంలో ఒక్కొక్క ఆడమనిషి గంప సగం పోతుంది, ఆ సగమే ఆవిడ బతుకు. వావిలాకు నీడలో ఆరితే పురుగు రాదు, ఎండలో ఆరితే వస్తుంది, ఎందుకో ఎవరూ చూడలేదు, చూసేవాళ్ళకి ఆ గంప తెలీదు, గంప తెలిసినవాళ్ళకి చూసే సాధనం లేదు. మా ఇంట్లో రెండూ తెలిసినదాన్ని నేనొక్కదాన్నే. ఆ చివరి మాట నెలరోజుల్లో ఏ అద్దం ముందూ రాలేదు. ఇప్పుడు, ఈ గుమ్మంలో, తెలుగులో, దానంతటదే వచ్చింది. అంత చక్కగా వచ్చినందుకు ఆమెకి గుండెల్లో కలుక్కుమంది. బాలమ్మ వింటోంది, మధ్యలో మా కందిపప్పుకు సుత గంతే బిడ్డా అంటోంది. అక్కడున్న పెద్ద మేడమ్ ఏమన్నదని అడిగింది. ఆవిడ కళ్ళజోడు తీసి పక్కన పెట్టి రాసుకున్నారు అంది లోవలక్ష్మి. ఆ పక్క సారు నవ్వారు, వెటకారానికి కాదు, బాగుందని నవ్వారు. మీ నాయనమ్మ పేరేమిటని అడిగారు. మరిడమ్మ అని చెప్పాను. పేరు స్పెల్లింగు అడిగి మరీ రాసుకున్నారు.

లోపల్నుంచి సువార్త గొంతు సన్నగా వినిపిస్తోంది, మాటలు తెలియడం లేదు, తడబడటం తెలుస్తోంది, తర్వాత తడబడకపోవడం కూడా తెలుస్తోంది.

"గింత మంచిగ చెప్పినంక ఇయ్యకుంటరా," అంది బాలమ్మ, మోకాలి మీద చెయ్యి ఆనించి లేస్తూ. "తప్పకుండ ఇస్తరు, సూడు."

ఆవిడ పళ్ళెం అందుకుంది. ఆవిడ వెళ్ళిపోతే వరండాలో ఇంక ఎవరూ ఉండరు.

"ఇంకోటి కూడా అడిగారు," అంది లోవలక్ష్మి.

బాలమ్మ మళ్ళీ కూర్చుంది.